అద్దాల్లేని సద్దుల బతుకమ్మ

నా చిన్నతనం మొత్తం మసకగా ఉంటుంది. చిన్ననాటి జ్ఞాపకాలు ఎవరికైనా మసకగానే ఉంటాయి కదా అని మీరు అనవచ్చు. మీ సంగతి వేరు. మీకు ఏళ్లు గడిచి మసకబారాయి, నాకు జరుగుతున్నప్పుడే మసకగా జరిగాయి. నీ మొట్టమొదటి జ్ఞాపకం ఏమిటని ఎవరైనా అడిగితే నా దగ్గర ఉన్నది ఒక పెద్ద పసుపుపచ్చ ముద్ద. అది లారీయో, మా మేనత్తో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ రోజుల్లో వరంగల్‌లో మా వాడ మొత్తం మీద నా అంత మర్యాద తెలిసిన పిల్ల లేదని పేరుండేది. ఎదురుగా వచ్చేది ఎవరో తెలియక, కనబడిన ప్రతి ఆకారానికీ దండం పెట్టేదాన్ని. మా ఇంటి మలుపులో కరెంటు స్తంభానికి ఎవరో ఎర్ర తువ్వాలు చుట్టి పోతే, బడికి పోతూ వస్తూ దానికి "నమస్తే మామా" అని చెప్పాను. మామ ఎన్నడూ పలకలేదు. నాకు రోషం వచ్చి అమ్మకు చెప్పాను.

"ఏ మామనే?" అని అమ్మ నా వెంట బయటికొచ్చింది. నేను చూపించాను. అమ్మ స్తంభాన్ని చూసింది, నన్ను చూసింది, "దీనికి పరాచికాలు ఎక్కువైనయ్" అని లోపలికి పోయింది.

కళ్ల మీద ఎవరికీ అనుమానమే రాలేదు. మా ఇంట్లో పిల్లలు గడప తట్టుకుని పడితే దూకుడు, పాఠం చదవకపోతే మొద్దు, స్తంభాన్ని పలకరిస్తే కొంటెతనం. అన్నిటికీ మందు ఒక్కటే, వీపు మీద ఒకటి వేయడం.

నా గుట్టు బడిలో బయటపడింది. పొడుగు పిల్లనని నన్ను చివరి బెంచీలో కూర్చోబెట్టారు. అక్కడి నుంచి బ్లాక్‌బోర్డు నాకు ఒక నల్లటి చీకటి, అందులో కొంచెం తెల్లటి పొగ. మిగతా పిల్లలు ఆ పొగలో నుంచి లెక్కలు ఎలా తీస్తున్నారా అని ఆశ్చర్యపోయేదాన్ని. నాకు చేతనైనది ఒక్కటే, పక్కపిల్ల ఏం రాస్తే అది రాయడం. పరీక్షలోనూ అదే చేశాను. ఎంత శ్రద్ధగా చేశానంటే, కాగితం పైన ఆమె పేరు కూడా రాశాను. ఆమెకు రెండు జవాబు పత్రాలు వచ్చాయి, నాకు ఒక్కటీ రాలేదు.

టీచరమ్మ నన్ను లేపి, బోర్డు దగ్గర నిలబడి చేతిలో సుద్దముక్క ఎత్తి చూపించి, "ఇదేందో చెప్పు" అంది.

"సిగరెట్ మేడం" అన్నాను.

క్లాసంతా గొల్లుమంది. టీచరమ్మ మాత్రం నవ్వలేదు. నా దగ్గరకు ఒక్కో అడుగే వేస్తూ వచ్చి, నా కంటికి సిగరెట్టు సుద్దముక్కగా మారినచోట ఆగి, సాయంత్రం మా నాన్నకు కబురు పంపింది.

నాన్న నన్ను హనుమకొండలో కండ్ల దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు నా ముక్కు మీద బరువైన ఇనుప చట్రం పెట్టి, అందులో అద్దాలు వేస్తూ తీస్తూ పోయాడు. ఒక అద్దం వేయగానే ఎదురుగా ఉన్న మసకలోంచి పెద్ద ముక్కు ఒకటి బయటికొచ్చింది. దాని వెనకాల డాక్టరున్నాడు. నేను భయపడి ఏడ్చాను.

కొన్నాళ్లకు నా సొంత అద్దాలు వచ్చాయి. గోధుమరంగు ఫ్రేము, సోడాబుడ్డి మందం. పారేసుకుంటానని అమ్మ వాటికి వెనక నుంచి నల్లతాడు కట్టింది, లేగదూడకు పలుపు కట్టినట్టు. హనుమకొండ నుంచి ఇంటిదాకా ఆటోలో కనబడిన ప్రతి బోర్డునూ గొంతెత్తి చదివాను. టైర్ల దుకాణం, చీరల దుకాణం, ఎవరో పార్టీ నాయకుడి జన్మదిన శుభాకాంక్షలు, ఇచ్చట మూత్రము పోయరాదు. ఆటో అతను చివరికి వెనక్కి తిరిగి, "బిడ్డా, జర ఊపిరి తీస్కో" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి నానమ్మ వాకిట్లో చుట్టాలతో కూర్చుని ఉంది. నన్ను ప్రాణంగా పెంచిన మనిషి. అప్పటిదాకా నాకు ఆమె అంటే ఒక వెచ్చటి నేతచీర, ఒక గొంతు, ఒక తమలపాకు వాసన. ఆ రోజు ఆమె ముఖాన్ని మొదటిసారి సరిగ్గా చూశాను. సంతోషం పట్టలేక అందరి ముందూ అరిచాను.

"నానమ్మా, నీకు మీసాలున్నయే!"

చుట్టాలు చాయ్ కప్పులు కింద పెట్టారు. నానమ్మ పైట కొంగుతో మూతి కప్పుకుని, "గీ అద్దాలు పెట్టంగనే దీనికి నోరు గూడ లేసింది" అంది. మా ఇద్దరి మధ్య యుద్ధం ఆ క్షణం నుంచే మొదలైంది.

మా ఇంటా వంటా లేని అద్దాలు ఆడపిల్ల ముఖానికి ఎక్కాయని ఆమె బాధ. పొన్నగంటి కూర తింటే చూపు తిరిగొస్తుందని ఎవరో చెప్పారు. అంతే, పొన్నగంటి పప్పు, పొన్నగంటి వేపుడు, పొన్నగంటి పచ్చడి. నాకు చూపు రాలేదు కానీ వాసన మాత్రం బాగా వచ్చింది, వీధి చివరి నుంచే మా ఇంట్లో ఏం వండుతున్నారో చెప్పేదాన్ని. చివరికి ఆమె ఒక కట్టుబాటు పెట్టింది. బడిలో, ఇంట్లో అద్దాలు పెట్టుకోవచ్చు. పెళ్లికి, పండుగకు, ఫోటోకు తీసెయ్యాలి.

అందుకే నా చిన్నప్పటి ఫోటోలన్నిట్లో నేను కెమెరాను వదిలేసి దాని పక్కన దేన్నో దీక్షగా చూస్తుంటాను. నర్సంపేటలో మా మేనమామ పెళ్లికి పోతే, అక్షింతలన్నీ భక్తితో వీడియో తీసే అతని నెత్తిన పోశాను. పాపం ఆయనకు అప్పటికే పెళ్లయి ముగ్గురు పిల్లలు.

ఇవన్నీ ఓర్చుకున్నాను. బతుకమ్మ దగ్గర మాత్రం నా వల్ల కాలేదు. అంతకు ముందటేడు దసరా వెళ్లిన తర్వాత నాకు అద్దాలు వచ్చాయి. అంటే అన్నేళ్లుగా బతుకమ్మ చుట్టూ తిరిగాను, చప్పట్లు కొట్టాను, పాడాను, కానీ బతుకమ్మను చూడలేదు. నాకు తెలిసిన బతుకమ్మ రంగుల గుట్ట. అది తంగేడు పువ్వట, ఇది గునుగట, కట్టలు కట్టి కొసలకు రంగులద్దుతారట. అద్దాలు వచ్చాక అదే మొదటి బతుకమ్మ, ఆ ఏడు ఎలాగైనా చూడాలి. నాకున్న కోరికల్లో అంత గట్టిది మరొకటి లేదు.

సద్దుల బతుకమ్మ రోజు నాన్న వర్ధన్నపేట వైపు నుంచి పొద్దున్నే పువ్వులు తెప్పించి, తన దుకాణానికి పోయాడు. నానమ్మ లోపలి గదిలో తలుపేసుకుని, పిల్లల్ని రానివ్వకుండా పేర్చడం మొదలుపెట్టింది. మా ఎదురింట్లో ఇంకో పెద్దావిడ ఉండేది. వీళ్లిద్దరూ ఏడాదంతా అక్కా, చెల్లె అని తేనె కారేటట్టు మాట్లాడుకునేవాళ్లు, బతుకమ్మనాడు మాత్రం ఎవరి బతుకమ్మ పొడుగో తేలేదాకా ఇద్దరికీ అన్నం సయించేది కాదు. "ఈసారి మనదే పొడుగు" అని నానమ్మ ఒక్కో వరుస పేర్చినప్పుడల్లా తలుపు వెనక నుంచి అంటూనే ఉంది.

సాయంత్రం పట్టు లంగా కట్టాక ఆమె చెయ్యి చాచింది.

"ఇటియ్యి అద్దాలు."

"నేనియ్య. నేను బతుకమ్మను జూస్త."

"నలుగురు జూస్తరే పిచ్చిదానా!"

"ఆ నలుగుర్ని నేను గూడ జూస్త."

నోరు లేచిందన్నదానికి ఇదే సాక్ష్యమని, నానమ్మ అద్దాలు లాక్కుని నడుముకు కట్టుకున్న సంచిలో దోపుకుంది. నేను చెరువుగట్టు దాకా ఏడుస్తూనే నడిచాను.

గట్టు మీద అందరం బతుకమ్మలను దించి, చుట్టూ తిరిగి ఆడాం. నేను ముందున్న ఆకుపచ్చ చీర వెనకాలే తిరిగాను. ఆట అయ్యాక నానమ్మ మా బతుకమ్మ మీది గౌరమ్మను, పసుపుముద్దతో చేసినదాన్ని, తీసి పళ్లెంలో పెట్టుకుంది. ఇక నీళ్లలో వదలడమే. ఆ పని మగవాళ్లది. నాన్న దుకాణం మూసి నేరుగా గట్టుకు వస్తాడు, ఎత్తుకుని నీళ్లలోకి దిగుతాడు. ఆడవాళ్లు ఇళ్ల నుంచి వండి తెచ్చిన సద్దులు పంచుకోవడానికి కూర్చున్నారు. నానమ్మ రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు పంచుతూ, "మీ నాయిన వస్తాండు. పోయి మన బతుకమ్మ సూపియ్యి" అని నన్నే పంపింది.

ఇక్కడ ఒక సంగతి నాకు తెలియదు. ఎదురింటి పెద్దావిడ ఆలస్యంగా వచ్చి, తన బతుకమ్మను మా దాని పక్కనే దించి, ఆటకు కోడళ్లను పిలవడానికి పోయింది.

నాన్న వచ్చాడు. "ఏది బిడ్డా మనది?"

నా ముందు రెండు గుట్టలున్నాయి. రెండూ పచ్చగా, రెండూ మసకగా. పొద్దుటి నుంచి విన్న మాట నా చెవిలో ఉంది కదా, ఈసారి మనదే పొడుగు. ధీమాగా పొడుగుదాన్ని చూపించాను. నాన్న తాంబాలం నెత్తికెత్తుకుని నీళ్లలోకి దిగిపోయాడు.

ఆయన నడుములోతుకు పోయి బతుకమ్మను వదిలి, చేత్తో నీళ్లు తోసి ముందుకు సాగనంపుతున్నాడు. అప్పుడు వినబడింది కేక.

"అయ్యో! అది మాది! ఇంక ఆడనే లేదు! గౌరమ్మను గూడ తియ్యలే!"

పాటలు ఆగిపోయాయి. నాన్నకు పాపం సగమే వినబడింది. తొందరపెడుతున్నారనుకుని ఇంకాస్త గట్టిగా తోశాడు.

జనం పోగయ్యారు. ఆడకముందే బతుకమ్మను సాగనంపడం గట్టు మీద ఎవరూ కనీ వినీ ఎరగరు. ఎవరో అన్నారు, "పొడుగున్నదని ఓర్వలేక ముంచిండ్రు." ఆ మాట ఒక నోటి నుంచి ఇంకో నోటికి పాకింది. ఎదురింటి పెద్దావిడ నానమ్మ ముందు నిలబడి, "ఏందక్కా, గిదేం పని? పిల్లకు సెప్పి సేయించినవా?" అంది.

నానమ్మ ఏమంటుందో నాకు తెలుసు. పిల్ల కొంటెది అంటుంది, అందరి ముందు వీపు మీద ఒకటి వేస్తుంది, పరువు దక్కుతుంది. అంతకంటే సులువైన దారి ఆమెకు లేదు. అద్దాలు లేకపోతే నాకు ఎంత మసకో ఇంట్లోవాళ్లకే తెలుసు, నానమ్మను కాదని అది ఆ గుంపులో చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. అమ్మ తలవంచుకుని నిలబడింది.

నానమ్మ నడుము సంచిలో చెయ్యి పెట్టింది. అద్దాలు తీసి, కొంగుతో తుడిచి, నా ముఖానికి పెట్టి, తాడు నా జడ వెనక సర్దింది. తర్వాత గట్టంతా వినబడేటట్టు చెప్పింది.

"నా మనుమరాలికి సూపు ఆనది! ఇగో, గీ అద్దాలు లేకుంటే ఏది ఎవ్వలిదో తెల్వది. పండుగని నేనే గుంజుకున్న. తప్పు నాది, పిల్లది కాదు."

ఎదురింటి పెద్దావిడ కాసేపు నా సోడాబుడ్లను చూసింది. "సూపు ఆనని పిల్లకు అద్దాలు పెడతరా, దాస్తరా అక్కా?" అని నవ్వేసింది. ఆమె నవ్వగానే గట్టంతా నవ్వింది. నానమ్మ తీసేసిన గౌరమ్మను తెచ్చి మళ్లీ మా బతుకమ్మ మీద పెట్టింది. "మాదే మీదనుకో చెల్లె" అంది. రెండిళ్లవాళ్లమూ కలిసి మా పొట్టి బతుకమ్మ చుట్టూ మళ్లీ ఆడాం. గునుగు పువ్వు కొసన రంగు ఎక్కడ ఆగిందో చూశాను. తంగేడు రెక్కల మీది సన్నటి గీతలు చూశాను. ఆడడం మరిచిపోయి చూస్తుంటే వెనకవాళ్లు నన్ను తోసుకుంటూ తిరిగారు.

గౌరమ్మ పసుపును ఇద్దరు పెద్దవాళ్లూ పంచుకున్నారు. నాన్న ఈసారి మూడుసార్లు అడిగి, మా బతుకమ్మను ఎత్తుకుపోయి వదిలాడు. పొద్దు గూకుతోంది. నేనూ నానమ్మా మెట్ల మీద నిలబడ్డాం. మా బతుకమ్మ మెల్లగా ఊగుతూ పోయి, ఎదురింటివాళ్ల దాని వెనకాల చేరింది.

"నానమ్మా, అగో మనది! వాళ్ల దాని ఎనక పోతాంది!"

"యాడ?"

"అగో, గా తామరాకుల పక్కన!"

నానమ్మ ఎటో చూసింది. నేను ఆమె గడ్డం పట్టుకుని ఇటు తిప్పాను. ఆమె చూసి, నా తల నిమిరి, పసిపిల్లకు సముదాయింపు చెప్పినట్టు చెప్పింది. "నీళ్లల్ల పడ్డంక ఇగ ఎవ్వలికి కనవడతది బిడ్డా? పోయింది పోయినట్టే."

నాకు ఏడుపొచ్చింది. ఆమె వేళాకోళం ఆడడం లేదు. అందరి కళ్లకూ అంతే కనబడుతుందనుకుంటోంది. నేను అద్దాలు తీసి, తాడు ఆమె కొప్పు మీదుగా వేసి, ఆమె ముక్కు మీద పెట్టాను. పిల్ల ఫ్రేము ఆమె ముఖానికి పట్టక అడ్డంగా నిలబడింది. చుట్టూ నలుగురు కాదు, ఊరంతా ఉంది. ఆమె వాటిని తియ్యలేదు. రెండు చేతులతో పట్టుకుని చెరువు మీదికి చూసింది.

"ఇంక పోతనే ఉన్నయా?" అంది. "గంత దూరం పోతయా ఇవి?"

చీకటి పడుతోంది, పోదాం పద అత్తమ్మా అని అమ్మ పిలిచింది. నానమ్మ కదల్లేదు. అద్దాలు తిరిగి ఇమ్మని నేను అడగలేదు. ఆ సాయంత్రం ఇంటిదాకా అమ్మే నన్ను చెయ్యి పట్టుకుని నడిపించింది.