మండుతాందా అని అడిగితే లేదన్నాను

ఎండకు కాదండీ... చలికీ కాదు. ఫోటోలో నా తలకు చుట్టుకున్న రుమాలు సంగతి ఎవరూ అడగలేదు గానీ, ఇవాళ చెప్పాలనిపించింది. పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు, తప్పులుంటే సర్దుకోండి...

మా చిన్నప్పుడు... నిజాం రాజ్యం పోయి కొన్నేళ్లయింది. దేవరకొండ దగ్గర మా ఊళ్లో కొత్తగా తెలుగు బడి పెట్టారు. మాది నేతపని ఇల్లు. బాపు మగ్గం గుంతలో, అమ్మ రాట్నం ముందు... మా ఇంట్లో బడికి పోయిన మొదటివాణ్ణి నేనే. పలక మీద నా పేరు నేనే రాసుకోవడం అప్పుడప్పుడే వచ్చింది.

అంతలో కుడి చెవి పైన రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు ఊడిపోయాయి. నున్నగా... నొప్పి లేదు, దురద లేదు. పేనుకొరుకుడు అంది అవ్వ. పంతులు చూసి, ఇది పక్క పిల్లలకు అంటుతుంది, తగ్గేదాకా రావద్దని పంపేశాడు.

అవ్వ నన్ను పెంటయ్య మామ దగ్గరికి తీసుకుపోయింది. ఊరందరికీ క్షవరం చేసేది ఆయనే. గడ్డ కోసినా, బెణికిన కాలు సవరించినా ఆయనే. నా పుట్టువెంట్రుకలు తీసిందీ ఆయనే. దేవరకొండలో దవాఖాన ఉండేది... అటు పోవాలని మాకెవరికీ తట్టలేదు. తలకొచ్చిన కష్టం తల పట్టే మనిషికే తెలుస్తుంది కదా అనుకున్నాం.

ఆయన అరుగు మీద ఎప్పుడూ నలుగురుండేవాళ్లు. ఎదురింటి వాకిట్లో ఆడపిల్లలు నూలు కండెలు చుట్టుకుంటూ ఇటే చూస్తున్నారు. మంది ముందు నోరు విప్పాలంటే నాకు ప్రాణం పోయేది...

మామ అంతవరకు ఒకాయన గడ్డం గీసిన కత్తినే నీళ్లలో ఒకసారి ముంచి, నా తల మీద ఆ బిళ్లను గీకాడు. రక్తం చెమర్చేదాకా గీకాడు. తర్వాత నల్లజీడి గింజ... చాకలివాళ్లు బట్టలకు గుర్తులు పెడతారే, అదే... దీపం మీద కాచి, సూదితో గుచ్చి, కారిన నల్లటి రసం పుల్లతో రాశాడు.

"మండుతాందారా?" అన్నాడు.

నిప్పు పెట్టినట్టే ఉంది. కళ్లల్లో నీళ్లు... తల ఇంకా కిందికి వంచుకున్నాను. మండుతోందంటే ఆపేస్తాడు. ఆపేస్తే తగ్గదు. తగ్గకపోతే బడి లేదు...

"లేదు మామా," అన్నాను.

"మంట పుడితెనే మందు పట్టినట్టు. గింజ ఎండిపోయినట్టుంది అవ్వా," అంటూ ఇంకొకటి కాచాడు. మళ్లీ రాశాడు, మళ్లీ అడిగాడు, మళ్లీ లేదన్నాను. అరుగు మీది ముసలాయన ఒకడు గట్టిపిండం గీ పోరడు అని మెచ్చుకున్నాడు. ఆ మాట విన్నాక ఇంక ఒప్పుకోవడానికి మొహం చెల్లలేదు... మూడోసారి కూడా లేదనే అన్నాను.

మూడు రోజులు నీళ్లు తగలనీయొద్దని చెప్పి పంపాడు.

తెల్లారేసరికి చెవీ కన్నూ వాచిపోయాయి. బొబ్బలు పగిలి రసి కారింది. అవ్వ కడగబోతే, మామ వద్దన్నాడు కదా అని అమ్మ ఆపింది. ఆ మాట తలుచుకుని అమ్మ చివరిదాకా ఏడ్చేది... నాలుగో రోజు బాపు మగ్గం ఆపి, నన్ను భుజాన వేసుకుని దవాఖానకు నడిచాడు. డాక్టరు పుండు కడుగుతూ, ఏమీ చేయకుండా వదిలేసినా కొన్నాళ్లకు వెంట్రుకలు వచ్చేవేమో కదయ్యా అన్నాడు.

పుండు మానింది. అరచేయంత మచ్చ మాత్రం ఉండిపోయింది.

పెంటయ్య మామ ఒకరోజు వచ్చి గడప బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. నన్ను చూసి ఒకటే మాట అన్నాడు.

"మండుతలేదంటివి కదరా కొడుకా..."

ఆయన మీద కోపం తెచ్చుకుందామని ఇన్నేళ్లూ చూశాను. ఆ గొంతు గుర్తొస్తే రాదు...

బాపు మగ్గం మీది బట్టలోంచి మూరెడు కోసి నా తలకు చుట్టాడు. బడికి పోతే పంతులు రుమాలు తీసి కూర్చోమన్నాడు. తీయలేకపోయాను. తీయనని చెప్పనూ లేకపోయాను... పలక పట్టుకుని లేచి ఇంటికొచ్చేశాను. మళ్లీ పోలేదు. బడిలో నేను నేర్చుకుంది నా పేరొక్కటే. మిగతా అక్షరాలు మొన్నమొన్న మనవరాలు ఫోన్లో నేర్పించింది.

ఆ పిల్లతోనే పోయిన నెల చిట్యాలలో సెలూన్‌కు పోయాను. దాని ఉంగరాల జుట్టు సాపు చేస్తారట. ఘాటు వాసన మందేదో దాని తలంతా రాసి, సెలూన్ పిల్లగాడు ఫోను చూసుకుంటూ మండుతుందా అని అడిగాడు. "లేదు, అన్నా," అంది మనవరాలు. అద్దంలో చూస్తే దాని కళ్లనిండా నీళ్లు...

నాకు తెలియకుండానే లేచాను. "మండుతాంది... కడుగు కొడుకా," అన్నాను. అంతమంది ముందు గట్టిగా మాట్లాడటం నా బతుకులో అదే మొదలు. వాడు నవ్వుకుంటూ కడిగాడు. జుట్టు సగం సాపు, సగం ఉంగరాలు. ఇల్లు చేరేదాకా మనవరాలు నాతో మాట్లాడలేదు.

అరుగు పోయి అద్దాలొచ్చాయి, తిరిగే కుర్చీలొచ్చాయి... ఆ ప్రశ్నా, ఆ జవాబూ మాత్రం అట్లాగే ఉన్నాయి. అలసిపోయానండీ...

ఇంతకీ మీ సంగతి చెప్పండి... కళ్లల్లో నీళ్లు పెట్టుకుని లేదు అన్నది మేమిద్దరమేనా, మీరూ ఎప్పుడైనా అన్నారా?