పోయినేటి చిక్కుళ్ళు

మా దొడ్డి కంచె నిండా చిక్కుళ్ళు విరగగాసి ఉన్నాయి. మంచం పట్టిన అమ్మకు చిక్కుడుకాయ కూర తప్ప మరేదీ సహించడం లేదు. కోసి వండిపెట్టడానికి నేను పక్కనే ఉన్నాను. అయినా అమ్మ తినదు. ఊళ్ళో చిక్కుడు పండుం ఇంకా కాలేదు మరి.

మాది మరైగూడ దగ్గర ఒక దోర్ల ఆదివాసుల ఊరు. పండుం అంటే పండుగే. కొత్తగా చేతికొచ్చిన పంట ఏదైనా ఊరంతా కలిసి దేవుడికి పెట్టాకే నోట్లో పెట్టుకోవాలి. చిక్కుళ్ళకు ఒక పండుం, మామిడికాయలకు ఒక పండుం. ఏ రోజు చెయ్యాలో ఎవరి ఊరి పెద్దలు వాళ్ళే చెప్తారు. ఆ చలికాలం మా ఊళ్ళో ఒక ముసలాయన పోయాడు. ఊళ్ళో చావు జరిగితే దినాలు అయ్యేదాకా పండుం ఆగిపోతుంది. పక్క ఊరివాళ్ళు పండుం చేసుకుని కడుపునిండా తింటున్నారు, మా కాయలేమో ముదిరిపోతున్నాయి.

అమ్మకు కడుపులో గడ్డ. ఆపరేషనుకు ఒళ్ళు తట్టుకోదని భద్రాచలంలో డాక్టరు చెప్పేశాడు. రక్తం బాగా తగ్గింది, ఆకుకూరలు, చిక్కుళ్ళు పెట్టండి, ఆమె ఏది తింటానంటే అదే పెట్టండి అన్నాడు. ఆ చివరి మాట ఎలాంటి రోగులకు చెబుతారో నాకు తెలుసు. బయటికొచ్చి ఆసుపత్రి గోడకు ఆనుకుని ఏడ్చాను. తర్వాత నేను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి, కొంటా పట్నం నుంచి ఊరికి వచ్చేశాను.

"ఒక్క గుప్పెడు కోస్తే దేవుడు చూస్తడా అమ్మా?" అని అడిగాను.

"చూస్తడో లేదో నాకేం ఎరుక? నేనైతే చూస్త గదా" అంది అమ్మ. "రేపు ఊళ్ళె ఎవరికన్న జొరమొస్తే ముసల్ది ముందు తిన్నదంటరు. పోయేటప్పుడు నాకెందుకే ఆ మాట?"

నాకు ఒళ్ళు మండిపోయింది. దేవుడి మీద, పెద్దల మీద, ఆ పోయిన ముసలాయన మీద కూడా కోపమొచ్చింది. తమ్ముడు మాత్రం కంచె వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆ ఊళ్ళో బతకాల్సినవాడు వాడు. వాణ్ణి ఏమని తిట్టను?

అప్పుడు గుర్తొచ్చాయి, కొంటాలో మా ఇంటి ఫ్రిజ్‌లో ఉన్న చిక్కుళ్ళు. అంతకుముందు ఏడాది పండుం అయ్యాక అమ్మ నాకు ఒక సంచి నిండా పంపింది. అన్ని నేనొక్కదాన్ని ఎక్కడ తింటాను? నారలు తీసి, మరిగే నీళ్ళలో ఒక పొంగు రానిచ్చి, చన్నీళ్ళలో వేసి, తడి ఆరబెట్టి కవర్లలో కట్టి గడ్డకట్టించాను. కొంటా బజారుకు బయటినుంచి కూరగాయలు వచ్చేసరికే సగం వాడిపోయి ఉంటాయి. నీళ్ళు చిలకరించి తాజా అని అమ్ముతారు. నావి వాటికంటే నయమని నా ధీమా.

అమ్మకు మాత్రం నా ఫ్రిజ్ అంటే గిట్టదు. "ఐసుల పెట్టిన కూర సచ్చిన కూరనే. మీ నాయన్ని గూడ ఐసుపెట్టెలనే తెచ్చిన్రు" అంది ఒకసారి. నాన్న జగదల్‌పూర్ ఆసుపత్రిలో పోయాడు. ఆ మాట తర్వాత మా ఇంట్లో ఆమె కూర ముట్టినప్పుడల్లా నేను ఇది ఇవాళ్టిదే అని చెప్పుకోవాల్సి వచ్చేది.

ఆ తగువు మనసులో ఉండి, అమ్మ మందుల కోసం మళ్ళీ వెళ్ళినప్పుడు భద్రాచలం డాక్టరునే అడిగాను. "కోసిన రోజే గడ్డకట్టిస్తే పెద్దగా ఏం పోదమ్మా. కొంత విటమిన్ ఆ మరిగిన నీళ్ళలో పోద్ది. ఇనుము చాలావరకు ఉంటది. రోజుల తరబడి బుట్టలో వాడిన కాయ కంటే అదే మేలు" అన్నాడు. గెలిచినట్టే వచ్చి అమ్మకు చెప్పాను. "అయితే ఆయన్ని తినమను" అంది.

అయినా తమ్ముడి బండి మీద కొంటా వెళ్ళి కవర్లన్నీ తెచ్చాను. ఒకటి అమ్మ చేతిలో పెట్టాను.

"ఇవి పోయినేటివమ్మా. మన కంచెవే. పండుం అయినంకనే నువ్వు కోసి పంపినవ్. దేవుడు తిన్నంకనే నేను ఐసుల పెట్టిన."

అమ్మ కవరు మీది మంచును బొటనవేలితో తుడిచి లోపలి కాయల్ని చూసింది.

"దేవుడు తిన్నవే" అంది. "వండు."

ఉప్పు, ఎండుమిరపకాయ, కాస్త చింతపండు వేసి మెత్తగా ఉడికించాను. నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలింది.

"నీళ్ళు నీళ్ళుగున్నయి బిడ్డా. రుచి లేదు."

నా ప్రాణం ఉసూరుమంది. అమ్మ మళ్ళీ నోరు తెరిచింది. "అయినా పెట్టు. మన చెట్టువే గదా."

కవర్లు అయిపోయేదాకా పూటపూటకూ కొంచెం తింది. దానివల్ల రక్తమేమీ పెరగలేదు. అంత ఆశ నాకూ లేదు, అబద్ధమెందుకు? ఆమె అడిగింది ఆమె నోట్లో పెట్టగలిగాను, నాకు అదే చాలనిపించింది. ముసలాయన దినాలు పూర్తయి, పండుం రోజు చెప్పడానికి పెద్దలు కూర్చునేలోపే అమ్మ పోయింది.

దాంతో పండుం మళ్ళీ ఆగింది. ఈసారి మా ఇంటి చావు వల్ల. ప్రతి ఇంటి కంచె మీదా కాయలు ఎండుతున్నాయి. పిల్లలు వాటికేసి చూస్తూ తిరుగుతున్నారు. పరామర్శకు వచ్చిన ఒక్కరూ ఆ ఊసెత్తలేదు. నేను ఎవరెవరి మీద కోపం తెచ్చుకున్నానో వాళ్ళంతా మా అమ్మ కోసం నోరు కట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ ముఖాలు చూడాలంటే నాకు ఏడుపొచ్చేది.

చివరికి పండుం నాటికి కాయల్లో గింజలు తప్ప తినడానికేం మిగల్లేదు. గింజలే ఒలిచి వండాను. మాలో దేవుడి తర్వాత వాటా ఇంట్లో పోయినవాళ్ళది. తమ్ముడు ఆకు పరిచి, నాన్నకు పెట్టి, పక్కన ఇంకో ముద్ద పెట్టాడు.

"ముదిరినయి అమ్మా, గింజలే వండింది అక్క. ఈ ఏటివే, తిను" అన్నాడు.

అమ్మ తిన్నాకే మేం తిన్నాం.