కుంకుమ రంగు సబ్బుతో కామర్సు కాలేజీకి

నాకు సీటు రాదని అందరికంటే ముందు తేల్చేసినవాడు మా నాన్న. ఆయన ఇంజిన్ డ్రైవరు. దూరాన పొగ చూసి ఆ బండి ఎంత లేటో చెప్పగల మనిషి కాబట్టి, నా సంగతీ అలాగే చూసి చెప్పేశాడు. డ్యూటీ దిగి వచ్చి, వీధి గుమ్మంలో కూర్చుని, కిరసనాయిల్లో ఇటుక పొడి కలిపి మోచేతుల దాకా మసి తోముకుంటూ, తలైనా ఎత్తకుండా అన్నాడు.

"నీకెందుకిత్తారే సీటు? సైన్సు సదివినావు. ఆళ్ళవి లెక్కలు, బేరాలు. అయ్యి నీకేటి తెల్సు?"

"తెలీదనే కదా నాన్నా, నేర్చుకోడానికి ఎల్తానంటన్నాను."

"అచ్ఛా! తెలీదని సెప్పుకోడానికి నాగపూర్ దాకా ఎల్లాలేటి? ఇక్కడే సెప్పు, ఇంటాను."

పక్క గుమ్మాల్లో నవ్వులు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో క్వార్టర్లన్నీ ఒకే గోడకి ఆనుకుని ఉండేవి. ఒక ఇంట్లో అన్న మాట వీధి చివరిదాకా పాకడానికి పొయ్యి మీద ఎసరు కాగినంత సేపు కూడా పట్టేది కాదు. ఆ పూటకల్లా నా సీటు గురించి అభిప్రాయం లేని ఇల్లు మా వీధిలో మిగల్లేదు.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. నేను కెమిస్ట్రీతో డిగ్రీ పాసై వచ్చాను. మగవాళ్ళు చాలామంది యుద్ధం పనుల మీద పోయారు గనక, ఇంజిన్లు నిలిపే లోకో షెడ్డు పక్కన నీళ్ళు పరీక్ష చేసే గదిలో నాకు టెంపరరీ ఉద్యోగం ఇచ్చారు. ఇంజిన్ బాయిలరులో పోసే నీళ్ళలో సున్నం ఎక్కువైతే లోపల పెచ్చు కడుతుంది. ఎంత ఉందో చూసి చెప్పడం నా పని. దానికి కాలనీ నాకిచ్చిన బిరుదు సైంటిస్టు. మావి విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి తాతల నాడు రైల్వే పనికి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబాలు. వాటిలో ఆడపిల్ల సైంటిస్టు కావడం ఒక వింత. ఆ సైంటిస్టు వ్యాపారం చదువుతాననడం అంతకు మించిన వింత.

ఆ వ్యాపారం పురుగు నన్ను తొలవడానికి కారణం సబ్బు.

యుద్ధంలో మంచి సబ్బు దొరకడం గగనమైపోయింది. దగ్గర్లో గతౌరా వైపు పల్లెల ఆడవాళ్ళు ఇప్ప గింజలు ఏరి నూనె ఆడించి అమ్ముతారు. ఆ నూనె తెప్పించి, సదర్ బజార్‌లో కాస్టిక్ సోడా కొని, మా పెరట్లో సబ్బు కాచాను. ఇప్ప నూనె వాసన అణగడానికి కర్పూరం వేశాను. రంగుకి పసుపు కలిపాను. సబ్బులో పడితే పసుపు ఎర్రబడుతుందని తెలుసు, తెలిసే కలిపాను. ముద్దలు ఆరి, నున్నగా, ఎర్రగా, ముచ్చటగా వచ్చాయి. చర్మం మండకుండా ఉందా అని పరీక్ష చేశాను. నురగ చూశాను. షెడ్డు మసి పూసిన గుడ్డ ఉతికి చూశాను. కెమిస్ట్రీ అడగవలసిన ప్రశ్నలన్నిటికీ ఆ సబ్బు జవాబు చెప్పింది. వాడి చూసి ఎలా ఉందో చెప్పండని ఇంటికొకటి చొప్పున వీధంతా పంచిపెట్టాను.

ఎవరూ ఏమీ చెప్పలేదు. ఇక ఉండబట్టలేక నేనే బయల్దేరాను. పక్క క్వార్టరు అత్త నన్ను నేరుగా దేవుడి గూటి దగ్గరికి తీసుకుపోయింది. పటాల ముందు నా సబ్బు. దాని మీద ఒక మందార పువ్వు.

"ఓలమ్మా, కుంకం రంగు, కర్పూరం వాసన. దాన్ని ఒంటికి రాసుకుంటామేటే? కళ్ళకద్దుకుని ఇక్కడెట్టినాను. అలాటి దాన్ని కాళ్ళకీ సంకలకీ రుద్దితే పాపం కాదేటి?"

తర్వాతి ఇంట్లోనూ అంతే. ఆ తర్వాతి ఇంట్లోనూ అంతే. చివరికి మా ఇంట్లో చూస్తే మా అమ్మ కూడా దాన్ని దేవుడి దగ్గరే పెట్టింది. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. మసిలో బతికే మనుషులకి మసి వదిలే సబ్బు చేసిస్తే, దానికి పువ్వులు పెడతారా!

రంగూ వాసనా మార్చడం ఎంతసేపు? కానీ మళ్ళీ ఎక్కడ బోల్తా పడతానో నాకు ముందే ఎలా తెలుస్తుంది? వస్తువు బాగుండడం వేరు, మనిషి దాన్ని వాడడం వేరు. మొదటిది నాకు నేర్పారు. రెండోది నేర్పే చోటు నాగపూర్‌లో ఉందని తెలిసింది. అక్కడి కామర్సు కాలేజీ ఒకటి, డిగ్రీ పాసైనవాళ్ళకి వ్యాపార విద్య మొదలుపెడుతోంది. దరఖాస్తు రాశాను. ఇంటర్వ్యూకి రమ్మన్నారు. యుద్ధం ముగిసి మగవాళ్ళు తిరిగొస్తే నా షెడ్డు ఉద్యోగం ఊడుతుంది. ఈ సీటు కూడా రాకపోతే నా చదువంతా పోపు డబ్బాల మధ్యకి చేరుతుంది. అది నేను ఒప్పుకోను.

కాస్టిక్ సోడా అమ్మే సేఠ్‌కి చెబితే జాలిగా చూశాడు. "బేటీ, దుకాణం కాలేజీలో నేర్పరు. అది పుట్టుకతో రావాలి" అన్నాడు. పుట్టుకతో రావాలంటే నేను మళ్ళీ పుట్టాలి, అందాకా ఆగే ఓపిక నాకు లేదని చెప్పి వచ్చేశాను. మా ఊళ్ళోనే కుదుదండ్‌లో ఉండే ఒక హెడ్ గుమాస్తా, తన కొడుకు కామర్సు చదివాడు గనక, కుర్చీలో వెనక్కి వాలి మరీ తీర్పు ఇచ్చాడు. సైన్సు వాళ్ళు వస్తువు గురించి ఆలోచిస్తారట, లాభం గురించి ఆలోచించరట, కాబట్టి నాకు అవకాశం సున్నా అట. ఆయన నీళ్ళ పరీక్ష ఎప్పుడూ చేయలేదు, సున్నా అనే మాట అంత తేలిగ్గా అనకూడదని ఆయనకేం తెలుసు!

నాన్న రైలుకి ఉచిత పాసు రాయించనన్నాడు. రైల్వే వాళ్ళ పిల్లలు పాసు మీదే రైలెక్కాలి. అలా అని ఎక్కడా రాసి లేదు గానీ కాలనీలో అదే పరువు. నేను కౌంటరు దగ్గర నిలబడి టికెట్టు కొన్నాను. వ్యాపారం చదువుతానన్నప్పుడు కూడా ఏడవని మా అమ్మ, ఇది విని ఏడ్చింది.

"డ్రైవరు కూతురు టికెట్టు కొనుక్కుని బండెక్కిందని రేపు నలుగురూ అనరేటే? మీ నాన్న తలెక్కడ ఎట్టుకుంటాడు?"

"పాసు రాయించి ఉంటే ఈ గొడవే ఉండదు కదమ్మా" అన్నాను. దేవుడి గూట్లోంచి సబ్బు తీద్దామంటే అమ్మ తియ్యనివ్వదు. పెరట్లో ఆరబెట్టినవాటిలో మిగిలిన ఒకటి సంచిలో వేసుకుని వెళ్ళాను.

ఇంటర్వ్యూ గదిలో బల్లకి అవతల ముగ్గురు మగవాళ్ళు. మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగాయి. మొదటాయన నా మార్కులు చూసి, ఇంత మంచి కెమిస్ట్రీని పాడు చేసుకోవడం దేనికన్నాడు. రెండో ఆయన, ఏ సబ్బుల ఫ్యాక్టరీలోనో చేరమని సలహా ఇచ్చాడు. మూడో ఆయన అందరిలోకీ పెద్ద. నుదుట గంధం, తలకి టోపీ. "వ్యాపారం గురించి నీకేం తెలుసమ్మా?" అన్నాడు. అక్షరాలా మా నాన్న ప్రశ్న. నాకు రోషం వచ్చింది. జవాబు చెప్పకుండా సంచిలోంచి ఆ ఎర్రటి సబ్బు తీసి ఆయన ముందు బల్ల మీద పెట్టాను.

ఆయన దాన్ని తీసుకున్నాడు. వాసన చూశాడు. చూసి, ఏమీ ఆలోచించకుండా, రెండు చేతులతో కళ్ళకద్దుకున్నాడు.

"అది సబ్బండీ" అన్నాను.

మిగతా ఇద్దరూ పకపకా నవ్వారు. పెద్దాయన చేతిలోని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"దాంతో స్నానం చేస్తారా మీరు?" అని అడిగాను.

ఆయన చెయ్యలేనన్నాడు.

"మా వీధిలోనూ ఎవరూ చెయ్యలేదు. సబ్బులో లోపం లేదు, కావాలంటే పరీక్ష చేయించండి. దీన్ని మనుషులు వాడాలంటే ఏం చెయ్యాలో నాకు తెలీదు. తెలిసినవాళ్ళే మీ దగ్గర చేరాలంటే ఇక కాలేజీ దేనికి?"

కోపంలో గొంతు పెరిగింది. అది గొంతు తగ్గించుకోవలసిన చోటని తెలిసినా తగ్గించలేదు. బయట కూర్చోమన్నారు. కాసేపటికి పెద్దాయనే తలుపు దాకా వచ్చి, సీటిచ్చామని చెప్పాడు. సబ్బు మాత్రం తిరిగివ్వలేదు.

ఇంటికొచ్చేసరికి నాన్న డ్యూటీ నుంచి అప్పుడే దిగాడు. నెత్తి నుంచి కాళ్ళ దాకా మసి. ఇటుక పొడి డబ్బా పక్కనే ఉంది.

"ఒచ్చిందేటి?"

"ఒచ్చింది."

"ఏటి సెప్పినావు ఆళ్ళకి?"

"ఏటీ తెలీదని సెప్పినాను."

నాన్న లేచి లోపలికి వెళ్ళాడు. మసి చేతులతోనే దేవుడి గూట్లోంచి సబ్బు తీసుకుని పెరట్లో నూతి దగ్గరికి నడిచాడు. అమ్మ లబలబలాడుతూ వెంటపడింది. నాన్న వినలేదు. చేతులు, మెడ, ముఖం, చివరికి కాళ్ళు కూడా దాంతోనే రుద్దుకున్నాడు. పక్క క్వార్టరు అత్త గోడ మీంచి తొంగి చూసి లెంపలు వేసుకుంది. పెరడంతా కర్పూరం వాసన. నల్లటి నురగ కాలవలోకి పోతుంటే నేను అక్కడే నిలబడి చూశాను. నా గుండె పొంగింది. అది దాచుకోవడానికి నేనేమీ ప్రయత్నించలేదు.

తుడుచుకుంటూ వచ్చి, పాసు రేపు రాయిస్తానన్నాడు.

"అక్కర్లేదు. టికెట్టు కొనుక్కుంటాను" అన్నాను.

"కొనుక్కో. ఎవుడొద్దన్నాడు?" అని తడి సబ్బుని గూట్లో కాకుండా నూతి గట్టు మీద పెట్టాడు. "ఎల్లే ముందర ఇంకోటి కాచి ఇచ్చీసి ఎల్లు. ఇది అరిగిపోతాది."