టీసీ ఒక ఊళ్ళో, మార్కుల లిస్టు ఇంకో ఊళ్ళో

చేతికొచ్చిన రెండు సీట్లనీ నాలుగు రోజుల్లో, ఎవరి సాయమూ లేకుండా పోగొట్టుకున్న మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? లేకపోతే ఇటు చూడండి, నేనే. నవ్వొస్తే మొహమాటపడకండి.

అరవైల చివరి రోజులు. మాది రామతీర్థం దగ్గర పల్లె. పీయూసీ మంచి మార్కులతో పాసయ్యాను. విజయనగరంలో ఒక కాలేజీవారు డిగ్రీలో సీటుతో పాటు ఫీజు, హాస్టలు, పుస్తకాలు అన్నిటికీ స్కాలర్‌షిప్పు ఇస్తామని రాశారు. మూడోనాడు విశాఖపట్నంలో పేరుమోసిన యూనివర్సిటీ నుంచి ఇంకో ఉత్తరం: సీటుంది, ఖర్చు నీదే.

"ఊరికే సదువు సెప్తామంటే ఇంకా ఆలోసనేట్రా? ఇజీనారం ఎల్లు," అన్నాడు నాన్న, నాట్లకి పొలం వెళ్తూ.

మధ్యాహ్నం సత్యం మావ వచ్చాడు. ఆయనకి ఊళ్ళో కిరాణా కొట్టు. "ఒరే అల్లుడూ, స్కాలర్‌షిప్పు మూడేళ్ళే ఉంటాది. యూనివర్సిటీ పేరు సచ్చీదాకా ఉంటాది. ఇశాపట్నం పో."

"మరి కర్సు మావా?"

"అది మీ నాన్న సూసుకుంటాడు గానీ, నువ్వు పో."

పొద్దున విజయనగరం అనుకుంటే, సాయంత్రానికి విశాఖపట్నం. ఇలా పది రోజులు మనసులోనే గిరగిరా తిరిగాను. టీసీ, మార్కుల లిస్టు అసలువే కావాలని, శనివారమే గడువని ఇద్దరూ రాశారు. అప్పుడు తట్టింది నాకా దివ్యమైన ఉపాయం. టీసీ విజయనగరానికీ, మార్కుల లిస్టు విశాఖపట్నానికీ రిజిస్టరు పోస్టులో పంపేశాను! సగం కాగితాలు అందితే సగం సీటైనా అట్టేపెట్టరా అని. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడు ఏట్లో పడతాడంటారు. నేను కాళ్ళైనా పెట్టలేదు, ఒకదాంట్లో చెప్పులూ, ఇంకోదాంట్లో గొడుగూ పెట్టి ఒడ్డునే నిలబడ్డాను.

శుక్రవారం విజయనగరం కాలేజీలో గుమస్తా అడిగాడు. "టీసీ వచ్చింది. మార్కుల లిస్టేది?"

"విశాఖపట్నంలో ఉన్నాదండి."

"అక్కడెందుకుంది?"

"అక్కడ టీసీ లేదు కదండి, అందుకని."

ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశాడు. మళ్ళీ పెట్టుకుని చూశాడు. రెండు విధాలా నేను ఒక్కలాగే కనపడ్డట్టున్నాను. "పోయి తీసుకురా," అన్నాడు.

మార్కుల లిస్టు తెచ్చేద్దామని రైలెక్కాను. తీరా యూనివర్సిటీ మేడలూ, ఆ వెనక సముద్రమూ చూసేసరికి మనసు మారిపోయింది. ఇక్కడే చదవాలి! మర్నాడు పొద్దున్నే విజయనగరం పరిగెత్తి, "నా టీసీ ఇచ్చీండి," అన్నాను.

"స్కాలర్‌షిప్పు వద్దని రాసిచ్చి పట్టుకెళ్ళు."

రాశాను. కొట్టేశాను. మళ్ళీ రాశాను. "ఒరే బాబూ, ఇంకో కాగితం ఇమ్మంటావా?" అన్నాడు గుమస్తా జాలిగా.

ఈ కొట్టివేతలయ్యి టీసీ చేతికొచ్చేసరికి రైలు వెళ్ళిపోయింది. తరవాతి బండిలో వెళ్తే విశాఖపట్నంలో ఆఫీసు మూసేశారు. సోమవారం వెళ్తే, "గడువు అయిపోయింది బాబూ," అని మార్కుల లిస్టు చేతిలో పెట్టారు. అసలు కాగితాలు రెండూ నా చేతిలోనే ఉన్నాయి. సీటే ఎక్కడా లేదు.

మళ్ళీ విజయనగరం వచ్చాను. గుమస్తా నన్ను చూస్తూనే తల పట్టుకున్నాడు. "స్కాలర్‌షిప్పు లిస్టులో నీ తరవాతివాడికి ఇచ్చేశాం. ఫీజు కడితే సీటిస్తాను."

అలా పేరూ లేకుండా, ఉచితమూ కాకుండా నా డిగ్రీ మొదలైంది.

కబురు విన్న నాన్న నాట్లు వదిలి పొలం గట్టెక్కాడు. తిడతాడనుకున్నాను. చేతుల బురద కడుక్కుంటూ అన్నాడు.

"ఎద్దు తలకాయ ఒక సంతకీ, తోక ఇంకో సంతకీ తోల్తే కొనీవోడెవడ్రా?"

అని ఫక్కున నవ్వేశాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి, ముందు ఏది కానివ్వాలో అదీ తేల్చుకోలేకపోయాను.

అప్పుడే ఆ గట్టు మీద నిలబడి భీషణమైన ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ఇంక రెండు చోట్ల సరేననను, ఒక్క చోటే అంటాను. ఆ ఒక్కటీ ఏదో ముందుగా ఎవరైనా నాకు చెప్పాలి, అంతే.