మానిందన్న మాట

పెంచల్‌ది అనంతసాగరం పక్కన, చెరువు కట్ట కింద ఉన్న ఓ చిన్న కాలనీ. పుట్టినప్పటి నుంచీ నీళ్ళలోనే బతికిన మనిషి. అట్లాంటి వాడి అరికాల్లో తుమ్మముల్లు దిగింది. ముల్లు తీశారు గానీ షుగర్ ఒళ్ళు కదా, పుండు మిగిలిపోయింది.

ఆత్మకూరు ఆసుపత్రిలో కట్టు కట్టే సారమ్మకు నోరు పెద్దది, చెయ్యి మెత్తన. పుండు లోపలికి గాజుగుడ్డ కుక్కుతూ రోజూ ఒకటే పాఠం చెప్పేది. పైన చర్మం మూసుకుంటే మానినట్టు కాదు, అడుగు నుంచి కండ పూడుకుంటూ పైకి రావాలి, మానడమంటే అదీ అని. మనమేమో పక్కు కట్టగానే మానిందని చెప్పుకు తిరుగుతాం. తాను చెప్పేదాకా ఆ మాట ఎవరూ అనకూడదనీ, కాలు తడవకూడదనీ ఆమె ఆజ్ఞ. పెంచల్ కాలు స్టూలు మీద పెట్టుకుని స్నానం చేస్తుంటే, మహారాజులాగున్నావని భార్య చెంచులక్ష్మి ఆటపట్టించేది.

పుండు పైన మూసుకున్న వారంలోనే చెరువు అడుగంటింది. ఆ కాలనీలో ఒక కట్టుబాటుంది. ఏడాదికోసారి నీళ్ళు మోకాలి లోతుకు తగ్గినప్పుడు అందరూ కలిసి వల లాగుతారు. ఆ రోజు నీళ్ళలో దిగిన మనిషికే చేపల్లో పాలు, అంటే వాటా. ఇంట్లో ఎందరు దిగితే అన్ని పాలు. ఒంట్లో బాగాలేదంటే వినేవాళ్ళుండరు.

పెంచల్‌దీ అన్న బాలయ్యదీ ఒకే పొయ్యి. నాయన పోయాక తమ్ముణ్ణి భుజాన మోసి పెంచింది ఆ అన్నే. ఫోన్లో మాట్లాడాలంటే పెంచల్‌కు బెరుకు. అందుకే నీళ్ళలో దిగొచ్చో లేదో సారమ్మను అడగమని అన్నకే చెప్పాడు. బాలయ్య గోడ అవతలికి పోయి మాట్లాడి వచ్చాడు.

"మానిపోయిందంట రా. దిగచ్చంది" అన్నాడు.

ఇంకెవరు చెప్పినా పెంచల్ నమ్మేవాడు కాదు. మధ్యాహ్నం దాకా బురదలో వల లాగాడు. ఇంటికి రెండు పాలు వచ్చాయి. పెద్ద కొరమీను తలకాయ బాలయ్య తమ్ముడి కంచంలోనే వేశాడు.

రెండు మూడు రోజులకే పాదం ఉబ్బి నల్లబడింది. ఆత్మకూరు నుంచి నెల్లూరు పంపారు. అక్కడ మోకాలి కింద తీసేశారు.

కోసిన చోట కట్టు మార్పించుకోవడానికి మళ్ళీ సారమ్మ దగ్గరికే వచ్చాడు. ఆమె కోపమంతా అతని మీదే.

"లోపల మానలేదు, బురదలో దిగితే కాలు పోతాదని మీ అన్నకు చెప్పినానే. నువ్వెందుకు దిగినావయ్యా?" అంది.

కాలు తీసినప్పుడు ఏడవని మనిషి అక్కడ ఏడ్చాడు. బయట బల్ల మీద బాలయ్య తమ్ముడి కోసం తెచ్చిన టీ చల్లారకుండా మూతపెట్టి పట్టుకుని ఉన్నాడు. అడిగితే అబద్ధమాడలేదు. "ఒక్క రోజే గదా, ఏం కాదులే అనుకున్నా. రెండు పాలొస్తాయని..." అన్నాడు. పెంచల్‌కు కడుపు మండిపోయింది. చిన్నప్పటి నుంచీ ఈ మనిషి చెప్పిన ప్రతి మాటనూ మళ్ళీ అనుమానించాల్సి వచ్చినందుకు ఇంకా మండింది.

ఈ ఏడు చెరువు మళ్ళీ తగ్గింది. నా పాల్లోంచి నీకు ఇస్తాను, గట్టున కూర్చోమని బాలయ్య చెంచులక్ష్మి చేత చెప్పించాడు. పెంచల్ చంకకర్ర ఊనుకుంటూ వచ్చి నేరుగా నీళ్ళలోకి దిగి, ఒంటికాలి మీద నిలబడి వల అంచు పట్టుకున్నాడు. పంపకాలు చేసే శీనయ్య కాసేపు చూసి, కట్టుబాటు ప్రకారం అతని పాలు అతనికి వేరుగా పోశాడు. చెంచులక్ష్మి దాన్ని తన గంపలోకి ఎత్తుకుంది.

బాలయ్య దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు. "తడపచ్చా రా? మానిందా?"

మానిందని సారమ్మ కిందటి నెలే చెప్పింది. పెంచల్ అది చెప్పలేదు.

"ఆ మాట నీ నోటెంట రానీబాక అన్నా" అన్నాడు.

ఆ సాయంత్రం ఆ ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగాయి.