ఊదడం రాని శిల్పి

మా ఆయన ఆళ్లగడ్డలో శిల్పి. దేవుళ్లను చెక్కుతాడు కాబట్టి తనకు రోగాలు రావని ఆయన నమ్మకం. పొద్దున లేచింది మొదలు దగ్గుతూనే ఉంటాడు. అడిగితే మాత్రం, "దగ్గు కాదు మే, గొంతు సవరించుకుంటాండా," అంటాడు. ఇన్నేళ్లుగా గొంతు సవరించుకుంటున్న మనిషి ఒక్క పాటైనా పాడిన పాపాన పోలేదు.

నంద్యాలలో ఊపిరితిత్తులకు ఉచితంగా పరీక్షలు చేస్తున్నారని, రాతిపని వాళ్లు తప్పకుండా రావాలని ఆటోలో మైకు పెట్టి చెప్పిపోయారు. నాకు భయం పట్టుకుంది. మా పక్క షెడ్డులో శిల్పాలు చెక్కే పెద్దాయన ఆయాసంతో మంచం పట్టి, ఆ మంచం మీదే పోయాడు. ఆయన కూడా మొదట్లో గొంతే సవరించుకునేవాడు. మా ఆయనా అదే దారిలో ఉన్నాడని వీధిలో అందరికీ చెప్పుకొని ఏడ్చాను. చివరికి, రాకపోతే పొయ్యి వెలిగించనని బెదిరించి బస్సెక్కించాను.

కల్యాణ మండపంలో పెట్టారు శిబిరం. పరీక్ష చేసే అమ్మాయి మా ఆయన ముక్కుకు క్లిప్పు తగిలించి, నోట్లో గొట్టం పెట్టింది. "అన్నా, గాలి నిండుగా పీల్చుకొని ఒకే దమ్మున గట్టిగా ఊదు. నేను చెప్పేదాకా ఆపొద్దు," అంది.

మా ఆయన "ఫు, ఫు, ఫు" అన్నాడు. మిషన్‌కు ఏమీ అర్థం కాలేదు.

నాకు అర్థమైంది. చెక్కేటప్పుడు విగ్రహం ముఖం మీద పడిన దుమ్మును మావాళ్లు గుడ్డతో తుడవరు, చేత్తో తట్టరు. దేవుడి ముఖం కదా, నోటితోనే ఊదుతారు. అదీ పెదాలు దగ్గరికి చేసి, కొంచెం కొంచెంగా. ఊదేముందు గాలి పీల్చరు, పీలిస్తే రాతిపొడి గొంతులోకి పోతుంది. మా ఆయనకు వాళ్ల నాయన చిన్నప్పుడే నేర్పిన విద్య అది. ఆ గొట్టం కొసన కూడా దేవుడి కన్ను ఉన్నట్టే మా ఆయన ఎంతో భక్తిగా ఊదుతున్నాడు.

"అట్ల కాదన్నా, ముందు దమ్ము తీసుకో," అంది ఆ అమ్మాయి.

"ఊదేది నాకు నేర్పిస్తాండావా పాపా?" అన్నాడు ఈయన, అవమానం జరిగినట్టు.

నాకు ఒళ్లు మండింది. "ఇంత చేతకాదా నీకు? జరుగు, నేను చూపిస్తా," అన్నాను. నువ్వు కూడా షెడ్డులోనే ఉంటావా అక్కా అని ఆ అమ్మాయి అడిగింది. రాయి కొట్టేది ఆయన, నేను ఊడ్చేదాన్ని, సాయంత్రం ఆయన బట్టలు దులిపేదాన్ని అని చెప్పాను. గొట్టం మార్చి నాకిచ్చింది. చెప్పింది చెప్పినట్టు ఊదాను. చూశావా అన్నట్టు మా ఆయన వైపు చూశాను కూడా. నన్ను చూసి ఆయనా సరిగ్గా ఊదాడు.

తర్వాత నన్ను మాత్రం కూర్చోబెట్టి, మందు పీల్పించి, కాసేపాగి మళ్లీ ఊదించారు. నన్ను మెచ్చుకుంటున్నారేమో అనుకున్నాను.

డాక్టరు ఇద్దరినీ పిలిచాడు. "ఆయనకు ఇప్పటికైతే ఊదడంలో తేడా కనపడలేదు. దగ్గుంది కాబట్టి ఎక్స్‌రే తీద్దాం. అమ్మా, నీకే గాలి పోయే దారులు సన్నబడినాయి. దుమ్ము వల్లనే కావచ్చు. తొందరగా తెలిసింది, మందులు వాడితే అదుపులో పెట్టుకోవచ్చు."

మెట్లెక్కితే ఆయాసం వచ్చేది నిజమే. లావెక్కినందుకు అనుకున్నాను. ఇక మా ఆయన ఎగతాళి మొదలుపెడతాడని ఎదురుచూశాను. ఊరంతా నేను చేసిన ప్రచారానికి ఆయనకు ఆ హక్కుంది.

ఆయన లేచి, చేతులు జోడించాడు. "సార్, యాడో తప్పు జరిగింటాది. ఆమె ఉలి పట్టనే లేదు. రాయి కొట్టేది నేను, దగ్గేది నేను. ఆ రోగం నాది సార్. నాకే రాయండి."

తనకు రోగముందని ఆ మనిషిని ఒప్పించడానికి ఎంత పోరాడానో నాకే తెలుసు. ఇప్పుడు ఒప్పుకున్నాడు. కానీ ఆయన అడుగుతున్నది నా రోగాన్ని. అంతమందిలో నాకు ఏడుపు ఆగలేదు.