ఈనె విరిగే చప్పుడు

మా అమ్మ నాకు నేర్పని పనిని మిషిగన్‌లోని ట్రాయ్‌లో మా పక్కింటి అమెరికన్ ఆవిడకి నేర్పింది. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు ఇప్పటికీ నామోషీగానే ఉంటుంది. నలభై దాటినదాన్ని, ఆఫీస్‌లో నా కింద తొమ్మిది మంది పనిచేస్తారు. అయినా ఆ గరాజ్‌లోంచి వాళ్లిద్దరి నవ్వులు వినిపిస్తే బలపం ఎవరో లాక్కున్న పిల్లలా ఉడుక్కునేదాన్ని.

అమ్మ ఆరు నెలలు ఉండి వెళ్దామని జూన్‌లో వచ్చింది. కందుకూరు దగ్గర పొగాకు గ్రేడింగ్ షెడ్లలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. బ్యారన్ కొట్టంలో సెగకి కాల్చి ఆరబెట్టిన ఆకును ఒళ్లో వేసుకుని, రంగూ మందమూ వేళ్లతోనే తేల్చి, ఏ గ్రేడుదో ఆ కుప్పలోకి విసిరేది. కళ్లతో చూస్తున్నట్టు కూడా ఉండేది కాదు. నన్ను మాత్రం షెడ్డులోకి రానిచ్చేది కాదు. గుమ్మం దగ్గర నిలబడితే పోయి చదువుకో అని తరిమేది. సాయంత్రం ఇంటికొచ్చాక తలస్నానం చేసేదాకా నన్ను ముట్టుకునేది కాదు. మిగతా ఆడవాళ్ల పిల్లలు తల్లుల మోకాళ్లకి ఆనుకుని ఆకులు ఏరుతుండేవాళ్లు. వాళ్లని చూస్తే నాకు పుట్టిన కుళ్లు ఇంతా అంతా కాదు.

పక్కింటావిడకి డెబ్బై దాటాయి. ఒక్కతే ఉంటుంది, కీళ్ల నొప్పులతో వేళ్లు వంకర్లు పోయాయి. గరాజ్‌లో లైట్ల కింద నాలుగు గంజాయి మొక్కలు పెంచుతుంది. మిషిగన్‌లో ఇంటి మట్టుకు పెంచుకోవడం తప్పేమీ కాదు. ఆ రకం పేరు హేజ్. వయసులో ఉన్నప్పుడు ఆవిడ కాలిఫోర్నియాలో సముద్రం పక్క ఊళ్లో ఉండేదట, ఆ రకం పుట్టింది కూడా ఆ చుట్టుపక్కలేనట. మెక్సికో, కొలంబియా, థాయ్‌లాండ్ విత్తనాలతో పాటు మన దక్షిణాది విత్తనం కూడా అందులో కలిసిందని చెప్పింది. ఏ గింజ ఎవరి జేబులో వచ్చిందో మాత్రం ఒక్కొక్కరూ ఒక్కో కథ చెబుతారని, తను ఇప్పటికి నాలుగు కథలు విన్నానని నవ్వింది.

పూతకొచ్చాక మిగతా రకాలు రెండు నెలల్లో కోతకొస్తే, ఇది మూడు నెలలు దాటినా తెమలదు. అందుకని అమ్ముకునేవాళ్లకి ఇదంటే విసుగు. ఇష్టపడ్డవాళ్లు మాత్రం ఇంకోటి ముట్టరట. నిమ్మతొక్కా మిరియాలూ సాంబ్రాణీ కలిసినట్టుండే వాసన. మిగతావి మనిషిని సోఫాలో పడేస్తాయని, ఇది తీసుకున్న రోజు పియానో ముందు కూర్చోవాలనిపిస్తుందని ఆవిడ చెప్పింది. నేను హెచ్‌వన్‌బీ మీద, గ్రీన్ కార్డ్ లైన్‌లో పదమూడో ఏట ఉన్నదాన్ని. అందుకని ఇదంతా గరాజ్ గుమ్మం బయటే నిలబడి విన్నాను. మన గింజ ఏ లైన్‌లోనూ నిలబడకుండా వచ్చి ఇక్కడ ఇంత పేరు తెచ్చుకుందే అని దాని మీద కూడా కాస్త కుళ్లుకున్నాను.

అమ్మ తిన్నగా లోపలికి వెళ్లిపోయింది. కొమ్మలు పెరిగి లైట్లకి తగులుతున్నాయి. పాత చీర అంచు చింపి, వాటిని మెల్లిగా వంచి కట్టింది. మర్నాడు మళ్లీ వెళ్లింది. తర్వాత రోజూ వెళ్లింది. నేను ఇంట్లో మీటింగుల్లో ఉన్నంతసేపూ అక్కడే. అమ్మకి ఇంగ్లీష్ రాదు, ఆవిడకి తెలుగు రాదు, మరి ఏం మాట్లాడుకునేవారో నాకు తెలియదు. సాయంత్రం ఆ వాసనతోనే ఇంటికొచ్చి, చేతులైనా కడుక్కోకుండా నా పక్కన కూర్చునేది.

అక్టోబర్‌లో కోత అయింది. మొక్కల్ని తలకిందులుగా తాళ్లకి వేలాడదీశారు. ఒకరోజు ఆవిడ ఫెన్స్ మీదుగా పిలిచి, ఈనె టప్‌మని విరిగితేనే ఎండినట్టని మీ అమ్మ కొమ్మ వంచి చూపించింది అంది. మిగతాదంతా ఇంగ్లీషే. ఆ ఒక్క మాట మాత్రం తెలుగులో, అమ్మ పలికినట్టే దీర్ఘం తీసి, ఈనె అంది. ఆ షెడ్డు మాట అమ్మ నోటి నుంచి నాకోసం ఏనాడూ రాలేదు.

ఆ సాయంత్రమే అమ్మతో చెప్పాను, అది గంజాయని, నువ్వు దాన్ని ముడితే నీ వీసా, నా గ్రీన్ కార్డ్ రెండూ పోతాయని. పూర్తిగా అబద్ధం కాదు, రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టానికి అది ఇంకా నేరమే. దాని జోలికి పోవద్దని లాయర్ ఎప్పుడో చెప్పాడు. కానీ నాలుగు నెలలుగా గుర్తు రాని లాయర్ ఆ ఈనె మాట విన్నాకే గుర్తొచ్చాడు. గంజాయని మొదటిరోజే తెలుసులే అంది అమ్మ. నీకు ఇబ్బందైతే పోనులే అని, నిజంగానే వెళ్లడం మానేసింది.

అమ్మ నాకు దక్కింది. పది రోజులు కిటికీ దగ్గర కూర్చుని, ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన కొత్తిమీరని ఆకు ఆకు వలిచింది. నేను పక్కనే కూర్చునేదాన్ని. ఆ నవ్వు మాత్రం మా ఇంట్లో ఒక్కసారి కూడా వినపడలేదు.

ఆదివారం మధ్యాహ్నం పక్కింటావిడ గాజు సీసా పట్టుకుని వచ్చింది. అమ్మకి ఒంట్లో బాగాలేదా అని అడిగింది. సీసా మూత తీస్తే ముక్కు పగిలే కంపు, పువ్వుల మీద బూడిదరంగు బూజు. కొమ్మ విరిగిందో వంగిందో తన వంకర వేళ్లకి తెలియలేదట, మూడు మొక్కల పంట అలాగే అయిందట. అమ్మ ఒక్కసారి వాసన చూసింది.

"ఈనె ఆరకముందే మూసిపెట్టింది. మండె కట్టి కుప్పేసిన పొగాకైనా ఇంతే, లోపల్లోపల ఉడికిపోద్ది."

నేను అది ఇంగ్లీష్‌లో చెప్పాను. ఒక మొక్క ఇంకా తాడు మీదే ఉందని, వీలైతే ఒక్కసారి వచ్చి చూడమని ఆవిడ బతిమాలి వెళ్లింది. అమ్మ నా వైపు చూసింది. ఇక నావల్ల కాలేదు.

"నన్నెందుకమ్మా ఒక్కరోజు కూడా పక్కన కూర్చోబెట్టుకోలేదు? ఆవిడకి నేర్పావు కదా."

అమ్మ కొత్తిమీర పళ్లెం పక్కన పెట్టింది.

"కూర్చోబెట్టుకున్నా పాపా. నీకు ఆరేళ్లు, నీకు గుర్తుండదు. పూటంతా ఆకు ఏరావు, ఒక్కటి తప్పు పోలా. మేస్త్రి చూసి, ఈ పిల్ల చెయ్యి నీ చెయ్యి కంటే మంచిదే, రేపటినించి తీసుకురా అన్నాడు. నాకు ఆ పూట అన్నం సహించలా. మర్నాటి నించి నిన్ను గుమ్మం దాటనీలా. ఆమెకి నేర్పితే నాకేం భయం?"

ముప్పై ఏళ్లకు పైగా ఎవరెవరి మీదో ఏడ్చాను. అమ్మ భయపడింది నా చేతిని చూసి.

చెప్పులేసుకుని ఇద్దరం గరాజ్‌కి వెళ్లాం. అమ్మ గుమ్మం దగ్గరే ఆగి, నువ్వు చూడు అంది. తాడు మీద మొక్కలోంచి సన్నటి కొమ్మ ఒకటి రెండు వేళ్ల మధ్య పట్టుకుని వంచాను. వంగింది కానీ విరగలేదు. ఇంకా మూడు రోజులు పడుతుందన్నాను. అమ్మ లోపలికి వచ్చి తనూ ఒక కొమ్మ వంచి చూసుకుని, పక్కింటావిడకి మూడు వేళ్లు చూపించింది. వీసా మాట ఎవరమూ ఎత్తలేదు.

మూడో రోజు వెళ్లి వంచితే టప్‌మంది. వెనక నుంచి అమ్మ నవ్వింది. ఇంటికొచ్చి, చేతులకంటిన ఆ వాసన కడుక్కుందామని సింక్ దగ్గరికి వెళ్తుంటే అమ్మ నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"కాసేపు ఉండనీలే" అంది.